ఆక్సుఫర్డులో ఒక భోజనశాల

యాత్రావిశేషములు వ్రాయువారు సాధారణముగా దేవాలయములను, నదులను, కొండలను వర్ణింతురు. మేము ఈ మాసము సోదరీమణులకు ఒక భోజనశాలను గూర్చి వ్రాయబూనితిమి. సముద్రములు దాటి పోయి తుదకు వంటయింటి మాటయే తెచ్చితిరా యని కొందరు నవ్వవచ్చును. నవ్విన పిమ్మటనైనను తుదివరకు చదువవలెనని మా మనవి. ఏ యింటనైనను, ఏ విద్యాలయముననైనను, ఎవరు ఎవరితో కలిసి కూర్చుండి భుజింతురో, ఎవరు వడ్డించి వెనుకకు తొలగుదురో గమనించినచో ఆ స్థలముయొక్క చరిత్ర సగము తెలియునని మాకు ఆ శాలలో తోచినది.

మా తమ్ముడు ఇంగ్లండులో ఉద్యోగము చేయుచున్నాడు. కొన్ని యేండ్లుగా రమ్మని పిలుచుచుండగా, గత సంవత్సరము దసరా సెలవులకు మరికొన్ని దినములు చేర్చుకొని మావారును, మేమును, పదియేండ్ల మా అమ్మాయియు అతని యింటికి పోయితిమి. మావారు బడిపంతులు. లండనులోని అంగళ్లకంటె ఆక్సుఫర్డు చూడవలెననియే ఆయన కోరిక. "బావగారూ, అక్కడ సత్రమున దిగనక్కరలేదు. కళాశాలలోనే బస చేయవచ్చును" అని తమ్ముడు చెప్పినప్పుడు మేము పరిహాసమనుకొంటిమి. నిజమే. సెలవులలో విద్యార్థులు ఇండ్లకు పోయినపుడు వారి గదులను యాత్రికులకు అద్దెకిచ్చు వాడుక అక్కడి కళాశాలలలో కలదు. ఉదయఫలహారము విద్యార్థులు భుజించు శాలలోనే పెట్టుదురు. ఆ విధముగా క్రైస్ట్ చర్చి కళాశాలలో రెండు రాత్రులు గడుపు భాగ్యము మాకు కలిగినది.

లండనునుండి రైలులో ఇంచుమించు ఒక గంట ప్రయాణము. ఊరంతయు పసుపువన్నె రాతితో కట్టిన కట్టడములే. ఆకులు పండబారు ఋతువగుటచే గోడల మీది తీగలు కుంకుమవలె ఎఱ్ఱబడి యుండెను. కళాశాల ముఖద్వారముపై టామ్ టవరు అను గోపురము కలదు. లండనులోని సెయింటు పాలు దేవాలయమును నిర్మించిన క్రిస్టఫరు రెన్ అను శిల్పియే దీనిని 1682లో పూర్తి చేసెను. అందులోని పెద్దగంట ప్రతిరాత్రియు తొమ్మిది గంటల అయిదు నిమిషములకు నూటయొక్క మారులు మ్రోగును. పూర్వము కళాశాలలో నూటయొక్కమంది విద్యార్థులుండెడివారనియు, వారందరు లోపలికి వచ్చి చేరవలెనని ఆ గంట కొట్టెడివారనియు చెప్పుదురు. ఆక్సుఫర్డు గ్రీనిచికి పడమరగా నుండుటచే ఆ యూరి సూర్యకాలము అయిదు నిమిషములు వెనుకబడి యుండును. ఆ పాతలెక్కనే గంట నేటికిని పాటించుచున్నది. మా అమ్మాయి పడకమీద కూర్చుండి వ్రేళ్లు మడచుచు లెక్కించి, ఎనుబది దగ్గర నిద్రపోయెను.

భోజనశాల మేడమీద నున్నది. పెద్ద చదరపు ముంగిలిని దాటి, మూలనున్న ద్వారమున ప్రవేశింపగా విశాలమైన రాతిమెట్లు కనబడును. తలయెత్తి చూచితిమి. ఒకే యొక సన్నని స్తంభమునుండి రాతిరేకులు తాటియాకువలె విప్పుకొని కప్పంతటిని మోయుచున్నవి. ఇది 1640 ప్రాంతమున కట్టినది. మెట్లమీద మా అమ్మాయి ఈడు పిల్లలు గుంపులుగా నిలిచి ఫోటోలు తీయించుకొనుచుండిరి. హారీ పాటరు సినిమాలోని దృశ్యములు కొన్ని ఈ మెట్లమీదనే తీసిరట. శాల లోపల తీసిరని పలువురు తలంతురు గాని అది సరికాదు. ఈ శాలను నమూనాగా నుంచుకొని చిత్రనిర్మాణశాలలో వేరొక శాలను కట్టుకొనిరి.

లోపల అడుగిడినంతనే మాటలాగిపోవును. శాల పొడవు సుమారు 115 అడుగులు, వెడల్పు 40 అడుగులు, ఎత్తు 50 అడుగులు. నడుమ ఒక స్తంభమైనను లేదు. గోడలనుండి ముందునకు పొడుచుకొని వచ్చిన దూలపుకొనలమీద కమానులు నిలిపి, వానిపై మరల దూలములు చేర్చి, ఓకు కఱ్ఱతో కప్పు వేసిరి. 1720లో అగ్నిప్రమాదమువలన కప్పు దెబ్బతినగా బాగుచేసిరి. నిలువునా మూడు వరుసలుగా పొడవైన మేజాలు, వాని కిరువైపుల కూర్చుండుటకు స్థలములు. ఒక్కమారు మూడువందలమంది కూర్చుండి భుజింపవచ్చును. తుదిని ఒక మెట్టు ఎత్తుగానున్న వేదికమీద అడ్డముగా ఇంకొక మేజా కలదు. అది ఆచార్యులకును వారి అతిథులకును. కీబుల్ అను కళాశాలవారు పందొమ్మిదవ శతాబ్దమున ఇంతకంటె పొడవైనది కట్టువరకు ఆక్సుఫర్డులో ఇదియే పెద్ద భోజనశాల.

దీని పుట్టుక విచిత్రమైనది. ఎనిమిదవ హెన్రీ రాజునకు మంత్రియైన కార్డినలు వూల్జీ అను మతాచార్యుడు 1525లో ఒక మఠమును తొలగించి ఆ చోట తన పేర కళాశాలను స్థాపించెను. అన్నిటికంటె ముందుగా పూర్తియైనది వంటశాల. కళాశాల కట్టెదనని చెప్పి భోజనశాల కట్టినాడని ఆ కాలమువారు ఎగతాళి చేసిరట. మాకు మాత్రము అది ఎగతాళిగా తోచలేదు. నూరుమంది పిల్లలను ఒకచోట చేర్చి చదివింపదలచినవాడు ముందుగా పొయ్యి సంగతి ఆలోచించుట వివేకమే. వారములు చేసికొని చదువుకొన్న మన పండితుల కథలు విన్నవారికి ఆ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. భోజనశాల 1529లో పూర్తియైనది. ఆ సంవత్సరమే వూల్జీకి రాజానుగ్రహము తప్పి పదవి పోయెను. హెన్రీ రాజు కళాశాలను తన వశము చేసికొని, 1546లో క్రైస్ట్ చర్చి అను పేరుతో మరల స్థాపించెను. ఇప్పుడు వేదికపై గోడమీద హెన్రీ రాజు చిత్రపటము నడుమ నున్నది. ఆనాటి వంటశాలలో నేటికిని వంట జరుగుచున్నది.

ఈ శాల భోజనమునకు మాత్రమే వినియోగపడలేదు. అంతరయుద్ధకాలమున మొదటి చార్లెసు రాజు లండను విడిచి ఈ కళాశాలలో నివసించెను. 1644 జనవరిలో తన పక్షమువారైన పార్లమెంటు సభ్యులను ఈ శాలలోనే సమావేశపరచెను. అంతకుముందు 1605లోను, 1636లోను రాజులు వచ్చినపుడు ఇచ్చట నాటకములాడిరి. ఇనిగో జోన్సు అను శిల్పి తెరలు, దృశ్యములు మార్చు నూతన పద్ధతులను ఇక్కడ చూపెను. మేజాలు తీసివేసినచో నాటకశాల, బారులు తీర్చినచో రాజసభ, ఆకలివేళకు మరల భోజనశాల. మన పల్లెలలో ఒకే చావడి పెండ్లికి, పంచాయతికి, హరికథకు ఉపయోగపడుట మాకు జ్ఞప్తికి వచ్చినది.

అన్నిటికంటె మా మనస్సును పట్టిన కథ ఎలిజబెత్ రాణిది. ఆమె 1566లో ఆక్సుఫర్డునకు వచ్చి ఈ శాలలో నాటకములు చూచెను. సెప్టెంబరు 2వ తేదీ రాత్రి జనుల త్రొక్కిడికి మెట్లవద్ద గోడ కూలి ముగ్గురు మరణించిరి. రాణి తన వైద్యులను పంపెను. నాటకము మాత్రము ఆగలేదు. ఆ పర్యటనలో ఆమె విద్వాంసుల యెదుట లాటిను భాషలో ఉపన్యసించినది కూడ. అట్టి విదుషీమణియే అంతకు అయిదేండ్ల ముందు, 1561లో, కళాశాలల ఆవరణములలో భార్యలుగాని ఇతర స్త్రీలుగాని నివసింపరాదని ఆజ్ఞ యిచ్చియుండెను. తాను రాణి గనుక శాలలో ఉన్నతాసనము. తక్కిన స్త్రీలకు వాకిలి దాటి నిలువ నీడ లేదు. పురుషుల చిత్రపటముల నడుమ ఆమె పటమును చూచుచు మేము చాలసేపు నిలిచితిమి. ఒక స్త్రీ పైకెక్కినంత మాత్రమున వెనుకనున్న స్త్రీలకు త్రోవ ఏర్పడదని ఆ పటము చెప్పుచున్నట్లుండెను.

మా అమ్మాయికి రాజుల కథలు పట్టలేదు. ఆమె దృష్టి యంతయు ఒక రంగుటద్దముల కిటికీమీదనే. అందులో ఆలిస్ అను బాలికయు, ఆమెకు కథ చెప్పిన లూయీ కారొలుగారును, కథలోని వింతజీవులును చిత్రింపబడియున్నవి. కారొలు అనునది కలముపేరు. ఆయన అసలు పేరు చార్లెసు డాడ్‌సన్. ఈ కళాశాలలో గణితశాస్త్రము బోధించుచు, 1851 మొదలు 1898లో మరణించువరకు ఇచ్చటనే గది కలిగియుండెను. ఆయన చిత్రపటము శాలాద్వారమునకు సమీపమున నున్నది. ఆలిస్ తండ్రి హెన్రీ లిడెల్‌గారు 1855 నుండి 1891 వరకు కళాశాలాధ్యక్షులు. అక్కడ అధ్యక్షుని డీను అందురు. 1862 జులై 4వ తేదీన డాడ్‌సనుగారు లిడెల్‌గారి ముగ్గురు కుమార్తెలను పడవమీద విహారమునకు గొనిపోయి చెప్పిన కథయే తరువాత 1865లో పుస్తకమైనది. నిప్పుగూటిలో కట్టెలు నిలుచుటకై పెట్టిన పొడవుమెడల ఇత్తడిబొమ్మలను చూచియే, ఆలిస్ మెడ సాగుట ఆయనకు స్ఫురించినదని అక్కడివారందురు.

"అమ్మా, ఆలిస్ ఇక్కడ భోజనము చేసెడిదా? ఇక్కడనే చదివినదా?" అని మా అమ్మాయి అడిగెను.

ఆమె ఆ ముంగిలిలోనే పెరిగినది. ఆమె తండ్రి గ్రీకుభాషకు మహానిఘంటువును కూర్చిన యిద్దరిలో ఒకరు. ఆ నిఘంటువు 1843లో వెలువడి నేటికిని పండితులకు శరణ్యమై యున్నది. అయినను ఆయన కుమార్తె ఈ కళాశాలలో విద్యార్థిని కాలేదు. కాజాలదు. ఇంటనే పంతులమ్మవద్ద చదువుకొన్నది. చిత్రలేఖనము రస్కిను మహాశయునివద్ద నేర్చినది. ఈ మాటలు అమ్మాయికి చెప్పుచుండగా మా గొంతు కొంచెము పట్టినది. ఎందువలననో సోదరీమణులకు చెప్పవలసి యున్నది.

మేమును ఇంట చదువుకొన్నవారమే. మా తండ్రిగారు మాకు అమరకోశము, రఘువంశము, భారతములో కొన్ని పర్వములు చెప్పిరి. ఆయన ఋణము తీరునది కాదు. మాకు పదునైదేండ్ల వయస్సున ఒకనాడు పొరుగూరినుండి నలుగురు పండితులు మా యింటికి భోజనమునకు వచ్చిరి. మా తల్లిగారు వంటయింట నుండగా మేము నేతిగిన్నెతో పంక్తిలో నడచుచుంటిమి. అందొకరు రఘువంశములోని ఒక శ్లోకమునకు అర్థము చెప్పుచు అన్వయము తప్పి, కర్త నొకనికి బదులు మరియొకని చేసిరి. సరియైన అన్వయము మాకు తెలియును. నోటివరకు వచ్చిన మాటను మ్రింగి నేయి వడ్డించి లోపలికి పోయితిమి. తండ్రిగారు మా ముఖము చూచిరి కాబోలును, భోజనములైన పిమ్మట వంటయింటి గడపవద్దకు వచ్చి "నీవు చెప్పదలచినదే సరియమ్మా" అనిరి. ఆ మాట ఆయన వంటయింట చెప్పిరి గాని పంక్తిలో చెప్పలేదు. అది ఆయన లోపమని మేమనము. పంక్తి యట్టిది. కాని ఆ నేతిగిన్నె బరువు మాచేతికి ఇప్పటికిని తెలియును.

మరునాటి ఉదయము ఫలహారమునకు ఆ శాలలోనికి పోయితిమి. ముందటిదినము టిక్కెట్టు కొని త్రాడునకు వెలుపల నడచు యాత్రికులవలె చూచిన చోటనే, ఇప్పుడు మేజా ముందు కూర్చుండవలసివచ్చినది. ఎక్కడ కూర్చుండవలెనో తోచక గోడప్రక్కనే నిలువబోగా, ఒక పరిచారిక చిరునవ్వుతో మధ్యవరుసకు దారి చూపెను. మావారు, అమ్మాయి, తమ్ముడు, మేము ఒక వరుస. ఎదుట ఎవరో ముసలి దంపతులు. మాంసము లేని పదార్థములేవని అడుగగా వేచిన పుట్టగొడుగులు, టమాటాలు, చిక్కుడుగింజల కూర, రొట్టె, ఓట్లతో కాచిన జావ చూపిరి. జావ మన యింటి రవ్వజావవలెనే యున్నది. ఉప్పు తక్కువ. కాఫీ వేడిగా నుండెను గాని మన డికాక్షను రుచి దానికెక్కడిది? ఏమైనను ఆ ఫలహారమునకు మించిన విందు మేమెరుగము. వడ్డించుటకు లేవనక్కరలేదు. ఎవరు తినిరో, ఎవరికి చాలలేదో చూడనక్కరలేదు. మెత్తని వెలుతురు కిటికీలనుండి దిగుచుండగా, తిన్నగా కూర్చుండి తలయెత్తి కప్పును చూచుచు తినితిమి.

ఎదుటి ముసలియామె తన మనుమరాలు ఇదే కళాశాలలో చదువుచున్నదని చెప్పెను. ఆమె మాటలవలన అక్కడి నిత్యవ్యవహారము కొంత తెలిసినది. చదువు జరుగు దినములలో విద్యార్థులకు పగలును రాత్రియు ఇక్కడనే భోజనము. ఆ వేళలందు యాత్రికులను రానీయరు. రాత్రి భోజనము రెండు విధములు. మొదటిది తొందరగా వచ్చి తిని పోవుటకు. రెండవది లాంఛనమైనది. దానికి విద్యార్థులు నల్లని గౌనులు ధరించి వత్తురు. ఆచార్యులు వేదికమీదికి వచ్చువరకు నిలిచియుందురు. ఒక విద్యార్థి లాటిను భాషలో ప్రార్థన చదివిన పిమ్మట అందరు కూర్చుందురు. మన పంక్తిలో గోవిందనామస్మరణమై ఔపోసనము పట్టువరకు ఎవరును అన్నము ముట్టరు గదా. ఇంకొక వింత యేమనగా, ఈ కళాశాలలో పాఠములు చెప్పు పెద్దలనే 'విద్యార్థులు' అని పిలుతురు. జీవితాంతము చదువువాడే ఉపాధ్యాయుడని మావారు ఆ మాటను బహుగా మెచ్చుకొనిరి.

నాటి సాయంకాలము ఊరు తిరిగి వచ్చుసరికి మెట్లవద్ద సందడిగా నుండెను. ఆ రాత్రి శాలలో ఒక పెండ్లివిందట. తలుపు ఓరగా తెరచియుండగా చూచితిమి. ప్రతి ఆసనము ముందు కత్తులు, ముళ్లు, చెంచాలు, గాజుపాత్రలు దారము పట్టినట్లు సరిచేయుచుండిరి. ఒకడు వంగి, గాజుపాత్రల వరుస వంకరపోయినదేమోయని ఒంటికన్నుతో చూచుచుండెను. చిన్నదీపములు వెలిగించినపుడు గోడలమీది పాతకాలపు ముఖములన్నియు మెల్లగా మేల్కొన్నట్లు కనబడెను. విస్తళ్లు సరిగా వేయించుటలో మన పెద్దలు చూపు శ్రద్ధయే అది. విస్తరికొన ఏ వైపునకుండవలెనో తెలియక తిట్లు తినిన దినములు మాకును గలవు.

సెలవులలో ఇట్టి విందులు, సభలు అక్కడ తరచుగా జరుగునట. పండితుల మహాసభలకు వచ్చినవారు ఇక్కడనే భుజింతురు. పూర్వవిద్యార్థులను ఏండ్లవారిగా పిలిచి గాడీ అను విందు చేయుదురు. తెల్లనితలలతో వచ్చి, తాము పదునెనిమిదేండ్ల వయస్సున కూర్చుండిన చోటనే మరల కూర్చుందురు. పాత కట్టడములను నిలుపుట వ్యయముతో కూడిన పని. గది అద్దెలును, విందుల రాబడియు, యాత్రికుల టిక్కెట్లును అందులకు తోడ్పడును. విద్యాలయమును పెండ్లిపందిరి చేయుట తగునా యని మావారికి మొదట సందేహము కలిగినది. మేము "విడిచిపెట్టిన ఇల్లు ఎట్లు కూలునో మన ఊరిలో చూచుటలేదా? వాడుకలో నున్నదే నిలుచును. చదువు వేళ చదువునకును, సెలవు వేళ లోకమునకును తెరచియుండుట మేలే" అని చెప్పితిమి. ఆయన కాదనలేదు.

ఇక అసలు మాటకు వత్తుము. ఈ పంక్తిలోనికి స్త్రీలు ఎప్పుడు వచ్చిరి? ఆక్సుఫర్డులో స్త్రీలకొరకు ప్రత్యేకముగా లేడీ మార్గరెట్ హాలు, సోమర్‌విల్లు అను రెండు విద్యాలయములు 1879లో తెరువబడెను. వారు ఉపన్యాసములు వినవచ్చును, పరీక్షలు వ్రాయవచ్చును. పట్టము మాత్రము లేదు. మనదేశపు కోర్నీలియా సొరాబ్జీ 1889లో సోమర్‌విల్లులో చేరి, న్యాయశాస్త్రములో ఉన్నతపరీక్షను 1892లో వ్రాసెను. స్త్రీలలో ఆ పరీక్ష వ్రాసిన మొదటియామె ఈమెయే. విశ్వవిద్యాలయము స్త్రీలకు పట్టములిచ్చుట 1920లో మొదలుపెట్టెను. సొరాబ్జీ తన పట్టమును 1922లో అందుకొన్నది. వ్రాసిన పరీక్షకు ముప్పదియేండ్ల తరువాత! ఆ ఓర్పును తలంచుకొని మేము మనస్సులో నమస్కరించితిమి.

పట్టము వచ్చినను పురుషుల కళాశాలల పంక్తి వేరుగనే యుండెను. 1974లో అయిదు కళాశాలలు స్త్రీలను చేర్చుకొనెను. క్రైస్ట్ చర్చిలో విద్యార్థినులు ప్రవేశించినది 1980లో. అనగా, శాల కట్టిన 451 యేండ్లకు! ఆలిస్ మనుమరాండ్ర కాలము కూడ గడచిన పిమ్మట ఆమె యింటి యెదుటి తలుపు ఆడపిల్లలకు తెరచుకొన్నది. తరువాత త్రోవ కొంత త్వరగా సాగినది. ఆలిస్ తండ్రి అలంకరించిన డీను పదవికి 2023లో చరిత్రాచార్యురాలు సారా ఫుట్ నియుక్తురాలయ్యెను. ఆ పదవిని పొందిన మొదటి స్త్రీ ఆమె. 1974లో స్త్రీలను చేర్చుకొన్న అయిదింటిలో ఒకటియైన హెర్ట్‌ఫర్డు కళాశాలవారు, నలుబదియేండ్లు నిండిన 2014లో తమ భోజనశాలలోని పురుషుల చిత్రపటములను దింపి, తమ కళాశాలకు సంబంధించిన స్త్రీల ఛాయాచిత్రములను గోడలనిండ పెట్టిరి. అన్నము తినుచు తలయెత్తిన ఆడపిల్లకు గోడమీద తనవంటి ముఖము కనబడుట చిన్నవిషయము కాదు.

తిరుగు దినమున మావారు ఆల్ సోల్స్ కళాశాల వాకిట నిలిచి అమ్మాయికి ఒక సంగతి చెప్పిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు 1931 నుండి 1936 వరకు వైస్ ఛాన్సలరుగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణగారు, 1936లో ఆక్సుఫర్డున ప్రాచ్యధర్మములను బోధించు ఆచార్యపీఠమును అధిష్ఠించి, ఈ కళాశాల సభ్యులలో ఒకరైరి. వాల్తేరునుండి వచ్చినవారు ఇచ్చటి పంక్తిలో కూర్చుండిరని విని అమ్మాయి, "నేను వచ్చినచో ఏ పంక్తిలో కూర్చుందును?" అని అడిగెను. "నీకు నచ్చినదానిలో" అని మావారనిరి. అట్లు చెప్పుటకు ఎన్ని యేండ్లు పట్టినదో మేము అప్పటికే లెక్క వేసికొనియుంటిమి.

ఇంటికి వచ్చితిమి. మా యింట ఆదివారములందు మావారి స్నేహితులైన ఉపాధ్యాయులు ముగ్గురు నలుగురు భోజనమునకు వచ్చుట వాడుక. వచ్చిన తొలి ఆదివారము గుత్తివంకాయ, ముద్దపప్పు, మజ్జిగపులుసు చేసితిమి. వారు కూర్చుండిరి. మేము పప్పు వడ్డించుచు తిరిగి చూచునప్పటికి, మా అమ్మాయి నేతిగిన్నె పట్టుకొని వంటయింటి గడపలో నిలిచియున్నది. ఎవరును చెప్పలేదు. చూచి నేర్చుకొన్నది. మేము నేర్పినదే! నాలుగువందల యేండ్లు తలుపు తెరువని పరాయిదేశపు శాలను తప్పుపట్టి వచ్చిన మేము మా యింటి శాలను చూచుకొనలేదు.

మరుసటి ఆదివారము గిన్నెలన్నియు నడుమ పెట్టితిమి. విస్తళ్లు ఒకే వరుసగా వేసితిమి. అత్తగారు "మీరందరు తినుడు, నేను తరువాత చూచుకొందును" అనిరి. అమ్మాయి నాయనమ్మ చేయి పట్టి లాగుకొనివచ్చి తన ప్రక్కనే పీట వేసెను. ఆమె గొణుగుచునే కూర్చుండిరి. మొదట అందరికిని కొంత బెరుకు. ఎవరు ఎవరికి అందింపవలెనో తెలియక చేతులు తగులుకొనెను, మజ్జిగపులుసు కొంత ఒలికెను. పిమ్మట మాటలు సాగెను. ఆ మాటలలో మావారి స్నేహితులొకరు విదురనీతి శాంతిపర్వములోనిదని అనిరి.

"అది ఉద్యోగపర్వములోనిది గదండీ" అంటిమి.

ఒక్క నిమిషము ఎవరును మాటలాడలేదు. ఆయన ముద్ద కలుపుట ఆపి ఆలోచించి, "అవునమ్మా, ఉద్యోగపర్వమే. శాంతిపర్వమున భీష్ముడు గదా చెప్పుట" అని, వంకాయకూర ఇటు జరుపుమనిరి. అమ్మాయి గిన్నెను ఆయన వైపునకు జరిపి, మా ముఖము చూచి నవ్వెను.

ఆక్సుఫర్డునకు పోవుట మన యందరికి సాధ్యము కాదు. పోనక్కరయు లేదు. సోదరీమణులారా, ఈ ఆదివారము మీ యింట విస్తళ్లు వేయునపుడు మీకొకటియు, మీ అమ్మాయికొకటియు వేసికొనుడు. నేయి ఎవరికి కావలయునో వారు అడిగి పుచ్చుకొందురు.